అప్పలరాముడు పుచ్చుకున్న తాంబూలం

పాత వలను ఇసుక మీద పరిచి, దోసిలితో నెత్తళ్ళు చల్లుతున్నాడు అప్పలరాముడు. అతని వెనకే నూకరత్నం వంగి నడుస్తూ, ఒకదానికొకటి అంటుకున్న చేపల్ని వేళ్ళతో విడదీస్తోంది. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేని చోటు కనుక నీలం టార్పాలిన్ చుట్టి పక్కనే పెట్టుకున్నారు. నీళ్ళకవతల పోర్ట్ బ్లెయిర్ మేడల మీద ఎండ అప్పుడే పడుతోంది.

పెళ్ళైన నాటి నుంచీ ఇది వాళ్ళ పొద్దుటి పని. ఈ పని చేస్తున్నంతసేపూ నూకరత్నం నోరు మూతపడేది కాదు. కాకుల్ని తిట్టేది, మొగుణ్ణి తిట్టేది, ఐస్ దొరకనివ్వని కరెంటును తిట్టేది. వారం రోజులుగా మాత్రం కాకుల్ని కూడా చెయ్యి ఊపే తోలుతోంది.

ఆమె కాలి దగ్గర ఎర్ర రంగు పూసిన కొయ్య ఒకటి ఇసుకలో దిగేసి ఉంది. అలాంటివి హోప్ టౌన్ ఒడ్డున ఈ పేట పొడుగునా ఉన్నాయి. ఇక్కడ కరెంటు ఫ్యాక్టరీ పెడతారట. బొగ్గు ఓడల్లో వస్తుందట. దాన్ని కాల్చకుండా పెద్ద పెద్ద డ్రమ్ముల్లో గ్యాసుగా మార్చి, ఆ గ్యాసుతో కరెంటు తీస్తారట. అందులోంచి వచ్చే చెడ్డ గాలిని గొట్టాల్లో పట్టి సముద్రం అడుక్కి దింపేస్తారట. మొదటిసారి ఈ సంగతి విన్న రోజు నూకరత్నం పగలబడి నవ్వింది.

"పొగని సముద్రం కింద పాతేత్తారా? అయితే రేపట్నించి సేపలు తుమ్ముతాయి గావాల!"

ఆ నవ్వు నాలుగు రోజులు కూడా నిలవలేదు. సర్వేవాళ్ళు ఒడ్డున బోరు వేసేముందు పూజ చేశారు. పేట పెద్ద అని అప్పలరాముణ్ణి పిలిచారు. అతను చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. చివర్లో ఇంజనీరు గోపినాథ్ ఆకూ వక్కా కాయా పళ్ళెంలో పెట్టి, నవ్వుతూ అతని చేతుల్లో ఉంచాడు. అప్పలరాముడు పుచ్చుకున్నాడు. పుచ్చుకుని తల ఎత్తేసరికి చుట్టూ ఉన్న పేటవాళ్ళ ముఖాలు కనిపించాయి. అప్పుడు గుర్తొచ్చింది.

శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చిన తాతలు వలలతోపాటు కట్టుబాట్లు కూడా ఇక్కడికి తెచ్చుకున్నారు. నలుగురి ముందు పెద్ద తాంబూలం పుచ్చుకుంటే పేట మొత్తం మాట ఇచ్చినట్టే. పెళ్ళికైనా, వల పంపకానికైనా, తగువు తీర్పుకైనా అంతే. పెద్దరికం వదులుకున్నా ఇచ్చిన మాట పోదు. ఆ మాటకు ఎవరైనా ఎదురు చెప్పాలంటే ముందు ఆ పెద్దతో తెంచుకోవాలి. అతని గడప తొక్కకూడదు, అతని ఇంట నీళ్ళు ముట్టకూడదు.

రేపు స్కూలు ఆవరణలో జన్ సున్వాయీ, అంటే ఫ్యాక్టరీ మీద జనం మాట వినే సర్కారు సభ. అభ్యంతరం ఉన్నవాళ్ళు సభలో లేచి నోటితో చెప్పాలని మైకులో చాటుకుంటూ పోయారు. ఎవరూ చెప్పకపోతే లేనట్టేనట. ఈ ఒడ్డు పోతే పడవ లాగడానికీ చేప ఎండబెట్టడానికీ పేటకు మరో చోటు లేదు. అటు రాళ్ళు, ఇటు మడ అడవి.

అప్పలరాముడు చెడ్డవాడు కాదు. చేతిలో ఏది పెడితే దాన్ని పట్టుకునే మనిషి, అంతే. చిన్నప్పుడు తండ్రి తెడ్డు పెడితే పట్టుకున్నాడు. మేనమామ తన కూతురి చెయ్యి తెచ్చి చేతిలో పెడితే పట్టుకున్నాడు. పాత పెద్ద పోయాక ఎవరికీ అక్కర్లేని పెద్దరికాన్ని కూడా అలాగే పట్టుకున్నాడు. పుట్టి ఇన్నేళ్ళయినా, ఒకరు అందించినదాన్ని వద్దని చెయ్యి వెనక్కి తీసుకోవడం అతనికి అలవాటు కాలేదు.

ఆఖరి దోసిలి చల్లి నడుం ఎత్తాడు.

"తిరిగిచ్చేత్తాను," అన్నాడు.

నూకరత్నం చేపల మీంచి తల తిప్పలేదు.

"ఇచ్చినోడి సేతికే, సాచ్చికం ఎట్టుకుని ఇచ్చేత్తే మాట వాపస్ వచ్చినట్టే. మా తాత అనీవోడు."

"ఇచ్చీటప్పుడు నోరు కూడా తియ్యాల," అంది ఆమె. వారంలో అదే మొదటి మాట.

రేవు పక్కన రేకుల షెడ్డులో ఉంది సర్వే ఆఫీసు. కొత్త ఆకులు, వక్కలు, పీచు తీసిన కొబ్బరికాయ పళ్ళెంలో సర్దుకుని వెళ్ళాడు. సాక్ష్యానికి గోవిందు వెంట వచ్చాడు. గోవిందుకి పేటలో అందరికంటే కొత్త పడవ ఉంది, అందరికంటే పెద్ద గొంతు ఉంది. దారి పొడుగునా అప్పలరాముడు పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఇది మీది బాబూ, మీకే ఇచ్చేత్తన్నాను, మా మాట మాకిచ్చెయ్యండి.

గోపినాథ్ పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్ కుర్రాడు. తెలుగు, హిందీ కలిపే పెరిగాడు. పళ్ళెం చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"అరే చాచా! ఆయియే, ఆయియే. ఇదంతా ఎందుకు తెచ్చారు? రేపటి మీటింగ్ బాగా జరగాలనా?"

"అదేటంటే బాబూ..."

"బహుత్ అచ్ఛా కియా." గోపినాథ్ పళ్ళెం రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఒక్క క్షణం అప్పలరాముడి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఒళ్ళంతా తేలికైపోయింది. ఇక మాట ఒక్కటే మిగిలింది. గొంతు దాకా వచ్చింది.

గోపినాథ్ కాయను షెడ్డు మెట్టుకు కొట్టాడు. రెండు చిప్పలయింది. ఒక చిప్ప మీద ఆకూ వక్కా పెట్టి, నీళ్ళు కారుతుండగానే అప్పలరాముడి ముందుకు చాపాడు.

"ఖాళీ హాథ్ పంపిస్తే మా అమ్మ తిడుతుంది. తీస్కోండి చాచా."

చేతులు వాటంతటవే దోసిలయ్యాయి.

"మంచిది బాబూ," అన్నాడు అప్పలరాముడు.

గుమ్మంలో నిలబడ్డ గోవిందు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇద్దరూ ఇంటి వాకిలి దాకా వచ్చారు. నూకరత్నం గోలెం దగ్గర కూర్చుని పీతలు కడుగుతోంది. మొగుడి చేతిలో చిప్ప చూసి, మళ్ళీ పీతల వైపు తిరిగింది.

"ఒక్క మాట పెద్దయ్యా! ఒక్క మాట సెప్పుంటే అయిపోను గదా," అన్నాడు గోవిందు.

"ఎలాగ సెప్తానురా? సేతిలో ఎట్టీసినాడు."

"రెండోపాలి. నా కళ్ళెదర."

"అయితే నాతో తెంచుకోండిరా." అప్పలరాముడు అతని భుజం పట్టుకున్నాడు. "నానే సెప్తన్నాను. నా గుమ్మంలో ఉమ్మేసి పో. రేపు లేచి గట్టిగా మాటాడు. నీకు గొంతుంది. నానేటీ అనుకోను."

గోవిందు కళ్ళు ఎర్రబడ్డాయి. "మా నాన్న పోతే కాష్టం కాడ నా సెయ్యి ఒదల్నోడివి. నా కూతురికి పేరెట్టినోడివి. నీ గుమ్మంలో ఉమ్మీమంటావా? అడుగు, పేటంతా తిరిగి అడుగు. ఎవుడికి సేతులొత్తాయి?"

"మరి ఒడ్డు పోద్ది గదరా."

"పోద్ది," అన్నాడు గోవిందు. నిలబడలేక వెళ్ళిపోయాడు.

అప్పలరాముడు నిజంగానే పేటంతా తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ అదే అడిగాడు. అందరూ మంచినీళ్ళు ఇచ్చారు, కూర్చోమన్నారు. ఒక ముసలమ్మ అయితే అతని తల నిమిరింది. తెంచుకుంటామని మాత్రం ఒక్కరూ అనలేదు. జీవితమంతా మంచిగా ఉన్నందుకు ఇది అతనికి దక్కింది. ఎవరైనా చీదరించుకుంటే వాళ్ళ కాళ్ళ మీద పడేలా ఉన్నాడు.

అక్కడ సాయంత్రం తొందరగా వస్తుంది. అతను తిరిగొచ్చేసరికి సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు. నెత్తళ్ళు ఎత్తేసి ఉన్నాయి. వల దులిపి మడతపెట్టి ఉంది. లోపలి నుంచి పీతల కూర వాసన వస్తోంది. అప్పలరాముడు గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు.

లోపల నూకరత్నం నీళ్ళు పోసుకున్న చప్పుడయింది. తర్వాత పెట్టె మూత తీసి వేసిన చప్పుడు. ఆమె బయటికొచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. తడి జుట్టు ముడేసుకుంది. చంకలో చిన్న మూట.

అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె చీర అంచు అతని మోకాలికి తగిలింది. ఎక్కడికని అడగబోయి ఆమె ముఖం వైపు చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖం అది. ఆమె అతని వైపు చూడలేదు. మెట్లు దిగి, ఎర్ర కొయ్యల పక్కనుంచి, రేపటి సభకు షామియానా కట్టిన స్కూలు దారి పట్టింది. ఇళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గోవిందు పెళ్ళాం ఎదురొచ్చి ఆమె మూట అందుకుంది.

చీకటి పడేదాకా అప్పలరాముడు మెట్టు మీదే ఉన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి లైటు వేశాడు. పొయ్యి పక్కన అతని కంచంలో అన్నం, కూర పెట్టి మూత వేసి ఉన్నాయి. మూత మీద, అడుగులు అరిగి పలచబడిన వెండి మెట్టెలు రెండు, కింది అన్నం వేడికి ఇంకా వెచ్చగా ఉన్నాయి.