వాన పడితేనే టికెట్టు

ఎండ కాసే ఆదివారాల్లో చేపలకు వెళ్లడం మేస్త్రీ మానేసి ఏడాది కావస్తోంది. మబ్బు పట్టిందంటే మాత్రం ఆయన కాలు ఇంట్లో నిలవదు.

"చూడవే మీ నాన్న వాలకం! లోకమంతా తలుపులేసుకుని కూర్చుంటే ఈయన గొడుగు వెతుక్కుంటున్నాడు," అంటూ తల్లి టీ ఫ్లాస్కు కూతురి చేతికిచ్చింది. గడప దగ్గర గొంతు తగ్గించి, "నీ మాటైతే వింటాడు. ఇవాళే చెప్పెయ్. రేపు పొద్దున్నే ఆ వ్యాను షెడ్డుకొస్తుంది," అంది. గొంతు తగ్గించక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

ఆయన ఇంజన్ల మేస్త్రీ. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని బండి రోగం చెప్పేవాడు. ఆయన "సరే" అంటేనే షెడ్డు ఓనరు బండిని బయటికి పంపేవాడు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ కూతురిది. ఆమెను చదివించింది ఆ చెవే. పోయిన నెల ఆయన సరే అన్న లారీ మూడోరోజుకే ఇంజను పట్టేసి నడిరోడ్డు మీద ఆగిపోయింది. తప్పు ఆయిల్‌దన్నాడు. ఓనరు నమ్మాడు. ఇంట్లో టీవీ మోతకు గోడలదిరిపోవడం వింటున్న కూతురు నమ్మలేదు. రేపు ఆయన సరే అనాల్సింది ఆమె పాఠాలు చెప్పే బడి వ్యానుకు.

చెరువు ఊరి చివర ఉంది. గేటు దగ్గర టికెట్టు కొంటే సీటు నంబరిస్తారు. గట్టు వెంట వరసగా చెక్కబల్లలు, ఒక్కోదానికీ రేకు కప్పు. పసుపు రెయిన్‌కోటు తొడుక్కున్న కాపలాదారు మేస్త్రీని చూడగానే నవ్వాడు. "వాన రాగానే అనుకున్నా, మేస్త్రీగారొస్తారని. ఎండలో ఒక్కనాడూ కనబడరమ్మా మీ నాన్నగారు!"

మేస్త్రీ ఎర గుచ్చి గాలం విసిరాడు. కర్ర నిలబెట్టి కొసకు చిన్న గంట తగిలించాడు. చేప లాగితే అది మోగుతుంది. రేకు మీద వాన దంచుతోంది.

"నాన్నా, ఒక మాట."

"ఆ?"

"ఒక మాట చెప్పాలి!"

"ఈ వానలో ఏం వినబడి చస్తుందమ్మా, గట్టిగా చెప్పు!"

అది గట్టిగా చెప్పే మాట కాదు. పక్క బల్ల మీద రిటైరైన పోస్టుమాస్టరు ఉన్నాడు. అందుకని, "చాప తడుస్తోంది," అంది.

"చేపా? ఎక్కడ?" ఆయన చటుక్కున కర్ర అందుకున్నాడు.

"చేప కాదు నాన్నా, చాప! నువ్వు కూర్చున్న చాప!"

పోస్టుమాస్టరు పగలబడి నవ్వాడు. "మేస్త్రీ, ఇవాళ్టికి చాపనే పట్టుకెళ్లు!"

"ఏంటండీ?"

"చాప! చాప!"

చివరి బల్ల మీదినుంచి ఎవరో "ఏమైందట?" అని కేకేశారు. కాపలాదారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని "ఎవరు, నన్నేనా?" అన్నాడు. గట్టంతా ఆ? ఏంటీ? అనుకుంటూ నవ్వుకుంది. మేస్త్రీ కూడా హాయిగా నవ్వుతున్నాడు.

కూతురి నవ్వు మధ్యలో ఆగిపోయింది. నాన్న వానలోనే ఎందుకు వస్తాడో అప్పుడు తట్టింది. వానలో అందరికీ చెముడే. ఇక్కడ ఒకటికి రెండుసార్లు అడిగితే ఎవరూ వింతగా చూడరు. ఎప్పుడో ఒకసారి, అదీ మబ్బు దయ ఉంటే, ఈ రేకు కింద ఆయన అందరిలాంటి మనిషి. అదీ లాక్కోవాలా? కానీ వ్యాను కిటికీల్లోంచి టాటా చెప్పే పిల్లల చేతులు కళ్లముందు మెదిలాయి. మాటలు కూర్చుకుంటూ, చెరుపుకుంటూ చాలాసేపు అలాగే కూర్చుంది.

మధ్యాహ్నానికి వాన ఉన్నట్టుండి తెరిపిచ్చింది. చెరువంతా నిశ్శబ్దమైపోయింది. మేస్త్రీ ముఖంలో నవ్వు కూడా వానతోపాటే వెళ్లిపోయింది.

"ఇక పోదామా?"

"చేప కదిలేది ఇప్పుడేగా నాన్నా. సాయంత్రం దాకా టికెట్టుంది."

ఆయన ఆమె పెదవుల వంకే చూసి తలూపి, టీ పోసుకోవడానికి కర్రకు వీపు పెట్టి ఇటు తిరిగాడు.

అప్పుడు మోగింది గంట, గట్టంతా వినబడేలా. ఆయన తల తిప్పలేదు. ఒలకకుండా కప్పులో టీ పోస్తున్నాడు.

"మేస్త్రీ! గంట!" అని కేకేశాడు పోస్టుమాస్టరు. ఇంకోసారి కేకేయబోయి, కదలని ఆ వీపును చూసి, కూతురి ముఖం చూసి, నోరు మూసుకుని తన గాలం వైపు తిరిగిపోయాడు. కర్ర వంగింది, లేచింది, ఊరుకుంది.

మేస్త్రీ తిరిగి చూసేసరికి దారం వదులుగా వేలాడుతోంది. "అరే, ఎర పోయిందే! గంట మోగలేదుగా?"

ఆమె లేచి ఆయనకు ఎదురుగా కూర్చుంది. "మోగింది నాన్నా. చాలాసేపు మోగింది."

ఆయన గంటను వేలితో తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తట్టాడు.

"ఎడమది ముందే పోయింది," అన్నాడు చివరికి. "కుడిది ఏడాదిగా తగ్గుతూ వచ్చింది. స్క్రూడ్రైవరు పళ్లతో పట్టుకుంటే ఎముకలోంచి కొంచెం తెలుస్తుంది. ఎవరూ చూడకుండా అలాగే నెట్టుకొస్తున్నా. ఆ లారీ... ఆయిల్ తప్పు కాదమ్మా. నాదే."

"మరి రేపు వ్యాను?"

"నిద్ర పట్టడం లేదు దాని గురించే. చెవిని నమ్ముకుని బతికినవాణ్ణి. అదే పోయిందంటే ఓనరు నన్నెందుకు ఉంచుకుంటాడు?"

"తెలీదు నాన్నా. కానీ ఆ వ్యాను ఎక్కేది మా పిల్లలు."

ఆయన చల్లారిన టీ గుటకేసి కప్పు పక్కన పెట్టాడు. "ఓనరుకి ఫోను కలుపు."

"నేను చెప్పనా?"

"నా తప్పు నువ్వెందుకు చెప్తావ్? నేనే చెప్తా. ఆయనేమన్నాడో నువ్వు విని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పాలి. సర్ది చెప్పకు."

ఫోనులో ఆయన గొంతు చెరువు అవతలి గట్టుకు వినబడింది. "రేపటి వ్యానుకి నేను సరే అనలేనండీ. నాకు చెవులు పోయాయి. లారీ కూడా నా తప్పే." ఫోను కూతురికిచ్చి, ఆమె ముఖం వంక చూస్తూ కూర్చున్నాడు.

అటువైపు తిట్లు మొదలయ్యాయి. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఏమంటున్నాడు?"

మంచిమాట ఒకటి ఆమె నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. "ఈ ఏడుపేదో లారీ పోకముందే ఏడవచ్చుగా అంటున్నారు. నీ మూలంగా ఆయిల్ కొట్టాయనతో నెల్లాళ్లుగా మాటల్లేవట. ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదా అన్నారు."

"ఇంకా?"

"రేపు ముందు ఆయన కొట్టుకెళ్లి తప్పు ఒప్పుకోమన్నారు. వ్యాను చప్పుడు ఓనరే వింటారట, విప్పి బిగించే పని నువ్వు చూడాలట. చెవి డాక్టరు దగ్గరికెళ్లి చావమన్నారు... మళ్లీ తిడుతున్నారు."

"జాలిపడలేదా?"

"లేదు నాన్నా."

మేస్త్రీ గుండెల నిండా గాలి పీల్చుకుని, ఎర ముద్ద అందుకున్నాడు.

"అయితే పనిలో ఉంచుకుంటాడు. ఫోను పెట్టెయ్యకు తల్లీ, పూర్తిగా తిట్టనీ."