సూదిపోట్ల జాబితా

“ఇంట్లో గుచ్చుకుందని రాయి,” అన్నాడు సూపర్‌వైజర్.

ఆస్పత్రి లాండ్రీలో మురికి దుప్పట్లు వేరుచేసే బల్ల దగ్గర పిన్ని చూపుడువేలు నొక్కిపట్టుకుని నిలబడి ఉంది. సూది ఇంకా బల్లమీదే ఉంది. పైన ఏదో వార్డులో ఎవరికో పొడిచి, డబ్బాలో పడెయ్యకుండా దుప్పటి మడతలో వదిలేసిన సూది.

“నీ కళ్ళముందే కదయ్యా గుచ్చుకుంది! ఇంట్లో అని ఎలా రాయను?”

“అయితే రాయకు. పో, పని చూసుకో.”

రోలర్ దగ్గర దుప్పటి అంచు పట్టుకున్న ఇస్త్రీ అక్క ఆ మాట విని మెషిను ఆపేసింది. లాండ్రీలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పదకొండేళ్ళ క్రితం ఆమెను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి ఈ పనిలో పెట్టింది ఈ పిన్నే, ఆమె తల్లికి సొంత చెల్లెలు.

“చీటీ రాసివ్వండి సార్. పైకి తీసుకెళ్ళి కామెర్లు అంటకుండా మందు వేయిస్తాను. ఆలస్యమైతే ఆ మందు పనిచెయ్యదు.”

“నువ్వేమైనా డాక్టరువా? మెషిను ఆన్ చెయ్.”

మందు రెండంతస్తుల పైనే ఉంది. పనిలో గుచ్చుకుందని అతను రెండు ముక్కలు రాస్తే చాలు. కానీ రాస్తే కాంట్రాక్టరు జవాబు చెప్పుకోవాలి. అందుకే కాగితాల మీద ఆ లాండ్రీలో రెండేళ్ళుగా ఎవరికీ సూది గుచ్చుకోలేదు. మందపాటి గ్లవ్స్ ఎప్పుడడిగినా వచ్చేవారమే వస్తాయి.

అక్క వేలికీ, సూదికీ, దుప్పటిమీది వార్డు ముద్రకీ ఫోటోలు తీసి గుంపులో పెట్టింది. ఊళ్ళోని ఏడు ఆస్పత్రుల లాండ్రీ మనుషులు మూడు వందలమంది ఇంటర్నెట్లో పెట్టుకున్న గుంపు అది. వాళ్ళు చీటీ ఇవ్వకపోతే మన చీటీ మనమే రాసుకుందామని మొదలుపెట్టారు. ఎవరికి, ఎక్కడ, ఎన్నింటికి గుచ్చుకుందో అంతా అందులోనే ఉంది.

మూడో రోజున గుంపు లేదు. రక్తం బొమ్మలు పెట్టి నియమాలు తప్పారని, ఎవరో ఫిర్యాదు చేశారని, తొలగించామని తెరమీద రెండు వాక్యాలు. ఆ ఫిర్యాదు చేసిందెవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆదివారం టైర్ల షాపు మీదున్న సంఘం గదిలో మీటింగు పెట్టారు. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. సంఘం గుమస్తా ఒక కంపెనీ పంపిన రంగురంగుల కాగితం పైకెత్తి చూపించాడు.

“నెలనెలా చందా కడితే ఇంటర్నెట్లో మనకి సొంత వేదిక ఇస్తారు. రేపు సాయంత్రానికల్లా తయారు. ఏదైనా పాడైతే ఫోను చెయ్యడానికి ఒక నంబరుంది. ఇంకేం కావాలి?”

వెనకనుంచి బాబాయి లేచాడు. పిన్ని భర్త. సందు చివర చిన్న గదిలో పాత కంప్యూటర్లు రిపేరు చేస్తాడు.

“ఓపెన్ సోర్స్ అని, ఊరికే ఇచ్చే ప్రోగ్రాం ఉంటుంది. ఎవరైనా తీసుకుని తమ మెషిన్లో పెట్టుకోవచ్చు. నా దగ్గరో పాత కంప్యూటరుంది. దాంట్లో పెడదాం. అప్పుడు మనల్ని తీసేసేవాడు ఎవడూ ఉండడు.”

“ఓపెన్ అంటే మన పేర్లు కూడా అందరికీ తెరిచి పెట్టినట్టేగా?” అంది మైకు. ఆమె బట్టలు ఆరబెట్టే గదిలో పనిచేస్తుంది. ఆ గొంతుకి ఎప్పుడో ఎవరో పెట్టిన పేరది.

“కాదమ్మా. తాళం ఎలా తయారైందో అందరికీ తెలుసు. తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంటుంది.”

“పాడైతే ఎవరికి చెప్పుకోవాలి?”

“మనమే చూసుకోవాలి. నేను నేర్పుతాను.”

గదిలో గొణుగుళ్ళు మొదలయ్యాయి. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనుషులు. ఇంకో పని నేర్చుకోవాలంటే ఎవరికీ ప్రాణం ఒప్పలేదు. ఎవరో ఊరికే ఇస్తున్నదాన్ని నమ్మడానికీ మనసు రాలేదు. జీవితంలో వాళ్ళకి ఎవరూ ఏదీ ఊరికే ఇచ్చింది లేదు.

“ఎన్నాళ్ళు పడుతుంది బాబాయ్?” అనడిగింది అక్క.

“నెల. కొంచెం అటూ ఇటూ.”

పిన్ని కళ్ళు పచ్చబడితే ఆ నెలలో ఏం చూపించి వైద్యం అడగాలి? గుమస్తా చేతులెత్తమన్నాడు. కంపెనీ వేదికకి లేచిన చేతుల్లో అక్క చెయ్యి కూడా ఉంది. బాబాయి అది చూశాడు.

వేదిక నిజంగానే బాగుంది. ఫోటోలు చకచకా ఎక్కేవి. రెండున్నర నెలలు గడిచాయి. ఈలోగా పిన్నికి వాంతులు, నీరసం పట్టుకున్నాయి. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. వైద్యం ఇప్పించమని వేదికమీదున్న ఫోటోలన్నీ జతచేసి అక్క ఆస్పత్రికి అర్జీ పెట్టింది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున లాండ్రీ గేటు మూసి ఉంది. సూపర్‌వైజర్ బయట నిలబడి ఒక కాగితం చూసి పేర్లు చదివాడు. చదివిన పేరు వాళ్ళకి ఇక పని లేదు. చదువుతూ చదువుతూ ఆగాడు.

“ఇక్కడ మైకు అని ఉంది. ఎవరే ఈ మైకు?”

అందరికీ అప్పుడర్థమైంది. ఆ పేరుని ఆమె ఒక్క చోటే రాసుకుంది, ఆ కంపెనీ వేదికలో. వరస కూడా అదే. ఎవరు ముందు చేరితే వాళ్ళ పేరు ముందు. నలభై ఒక్క మంది. మొదటి పేరు అక్కది.

సంఘం గదిలో గుమస్తా కంపెనీ ఇచ్చిన నంబరు తిప్పాడు. మీ కాల్ మాకు ముఖ్యం అని ఒక రికార్డింగు, తర్వాత సంగీతం. మధ్యాహ్నానికి ఎవరో పలికారు. కాంట్రాక్టరు లాయరు నోటీసు పంపాడట. నోటీసు వస్తే వివరాలు ఇస్తామని ఒప్పందం పదిహేడో షరతులో ఉందట. “మీరు చదివే ఒప్పుకున్నారు కదా సార్?” అంది ఆ గొంతు మర్యాదగా. గుమస్తా ఫోను కింద పెట్టి, ఆ నలభై ఒక్క మంది ముందూ తలెత్తలేకపోయాడు.

పిన్ని ఆ నెలాఖరున పోయింది. “నన్ను చూసి భయపడి వెనక్కి తగ్గకండే” అంది అక్కతో ఒక మధ్యాహ్నం. అవే అర్థమయ్యేలా అన్న చివరి మాటలు.

పదో రోజు దాటాక అక్క బాబాయి గదికి వెళ్ళింది.

“ఆవేళ నేను చెయ్యెత్తాను బాబాయ్.”

“చూశాను.”

“తిట్టవేం?”

“తిడితే మీ పిన్ని లేచొస్తుందా? నేను చెప్పినట్టు చేసినా చీటీ వాడు ఇచ్చేవాడు కాదు. కూచో. ఈ తీగ పట్టుకో.”

పని పోయినవాళ్ళలో తొమ్మిదిమంది వచ్చారు. మిగతావాళ్ళు వేరే పనులు వెతుక్కున్నారు. కొందరు వీధిలో ఎదురుపడితే మొహం చాటేశారు. వాళ్ళని ఏమని అనగలం? పిల్లల కడుపులున్నాయి. ఆ తొమ్మిదిమందీ ఇస్త్రీకి కాలిన వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేర్చుకున్నారు. మెషిను వేడెక్కి ఆగిపోయేది. ఒకసారి మైకు మొత్తం చెరిపేసి, నెత్తి కొట్టుకుని ఏడ్చింది. అప్పట్నుంచి నాలుగిళ్ళలో నాలుగు నకళ్ళు దాచారు. ఎవరూ అసలు పేరు రాయొద్దన్నారు. ఆ ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళ మొహాలు ఒక్కటీ తెలియదు. అయినా ఎక్కడ ఇరుక్కున్నా వాళ్ళలో ఎవరో ఒకరు జవాబు రాసేవారు.

మూడు వందలమందిలో అరవైమంది తిరిగొచ్చారు, అంతే. ఫోన్లలో మిగిలిన ఫోటోలు పోగుచేస్తే రెండొందల ఏడు సూదిపోట్లు తేలాయి. అన్నీ కాగితాలమీద అచ్చువేసి కార్మిక శాఖ ఆఫీసుకి తీసుకెళ్ళారు.

అధికారి నాలుగు పేజీలు తిప్పి కట్ట వెనక్కి తోశాడు. “ఇది మీ సొంత మెషిన్లోది. తేదీలు మీరే మార్చుకోవచ్చు. సాక్ష్యం కిందికి రాదు.”

“మరి కంపెనీ వాళ్ళ దగ్గరున్నదో సార్?” అంది అక్క.

“చందా ఆగాక చెరిపేశామని రాసిచ్చారు. దరఖాస్తు కొట్టేస్తున్నాను.”

ఇంకొకరి చేతిలో పెడితే పోయింది. తమ చేతిలో పెట్టుకుంటే చెల్లదు. అక్కకి ఒక్క క్షణం నవ్వొచ్చింది. వెళ్ళిపోదామనే లేచింది.

మైకు కదల్లేదు. కట్ట విప్పి మొదటి కాగితం తీసింది.

“సాక్ష్యం కాకపోతే మానె. చదువుతాం, వినండి. ఎముకల వార్డు దుప్పటి. ఎడమచేతి బొటనవేలు. పొద్దున ఎనిమిదిన్నర. చీటీ ఇవ్వలేదు.”

రెండో కాగితం పక్కామె అందుకుంది. “కాన్పుల వార్డు. అరచెయ్యి. చీటీ ఇవ్వలేదు.” తర్వాత ఇంకొకామె. అధికారి గంట కొట్టాడు, అరిచాడు. వరండాలో మనుషులు ఆగి వింటున్నారు. డెబ్బై దాటాక పోలీసులొచ్చారు. ఎనభై మూడో కాగితం మైకు చేతిలో ఉండగా రెక్కపట్టి లాగారు.

వ్యాను దగ్గర ఒక కానిస్టేబుల్ ఫోన్లో సందు చివర రిపేరు గది గుర్తులు చెబుతున్నాడు. అక్క విన్నది. బాబాయి ఒక్కడే ఉన్నాడక్కడ, ఆ మెషినుతో. నకళ్ళు మాత్రం నాలుగిళ్ళలో ఉన్నాయి.

ఆఫీసు ఊడ్చే ఆవిడ చీపురుతో వ్యాను పక్కకొచ్చి గొంతు తగ్గించి అడిగింది. “అమ్మా, బాత్రూములు కడిగే యాసిడ్‌కి మా చేతుల తోలు ఊడొస్తోంది. అందులో మేమూ రాసుకోవచ్చా?”

అక్క ఆ చేతులకేసి చూసింది.

“ఇవాళ అది ఉండదు. రేపు కూడా ఉండకపోవచ్చు. ఎల్లుండి లాండ్రీ వెనక సందులోకొచ్చి అడుగు.”

వ్యాను తలుపు మూశారు. లోపల చీకట్లో, చేతిలో కాగితం లేకుండానే, మైకు ఎనభై మూడోది మొదలుపెట్టింది.