లోపలి గాలి

నేను ఒక చిన్న మీటను. కారు డాష్‌బోర్డు మీద, ఏసీ గుండీకి కింద, చిటికెనవేలంత ఉంటాను. నన్ను ఎడమకు జరిపితే బయటి గాలి లోపలికి వస్తుంది. కుడికి జరిపితే నా వెనకున్న మూత పడిపోయి, లోపలి గాలే మళ్ళీ మళ్ళీ చల్లబడుతూ తిరుగుతుంది. నా విద్య ఇంతే. ఇంత చిన్న విద్యతో కన్నతల్లిలాంటి మనిషి గొంతు కోయవచ్చని నాకు చాలాకాలం తెలియదు.

ఏదో కర్మాగారంలో, కరిగిన నల్లటి ప్లాస్టిక్ అచ్చులో పోస్తే పుట్టాను. నా పక్కనే వేడిగాలి గుండీని బిగించారు. విజయనగరం ఎండల్లో వాడికేం పని? పిలవని పేరంటానికి వచ్చినట్టు బండి బతికినన్నాళ్ళూ ఊరికే కూర్చున్నాడు. నాకు మాత్రం పని ఉంటుందని ఆశపడ్డాను.

మొదటి యజమాని బ్యాంకు మేనేజరు సోమయాజులు గారు. పేపరులో సంతాపాలు కూడా వదలకుండా చదివే ఆయన, కారుతో ఇచ్చిన పుస్తకం మాత్రం తెరవలేదు. నా మీద ఒక బొమ్మ ఉంటుంది, కారులో వంగి తిరుగుతున్న బాణం. దాన్ని చూసి ఆయన, "ఇది యూటర్న్ కొట్టేటప్పుడు వాడేది. మనకెందుకు, ముట్టుకోకండి" అని ఇంటిల్లిపాదికీ చెప్పారు. కంపెనీవాళ్ళు కుడివైపు జరిపి ఇచ్చారు, నేను అక్కడే ఉండిపోయాను. అరకు వెళ్తే దారిపొడుగునా అందరూ ఆవలింతలు. వదిలిన ఊపిరినే మళ్ళీ పీలుస్తుంటే మరేమవుతుంది? ఆయన భార్య తప్పంతా పులిహోర మీదకు తోసింది. వానాకాలంలో అద్దం మసకబారితే ఆయన తువ్వాలుతో తుడుస్తూ, "ఊపిరి గట్టిగా వదలకండి" అని పిల్లల్ని కసిరేవారు. నన్ను ఎడమకు జరిపి ఉంటే అద్దమూ పిల్లలూ కూడా తేటపడేవాళ్ళు. చదువుకున్నవాళ్ళ ఇంట నా బతుకు అలా గడిచింది.

తరవాత పైడిరాజు కొన్నాడు. అతనికి ఇది మొట్టమొదటి సొంత బండి, టాక్సీగా తిప్పుకోవడానికి తీసుకున్నాడు. మొదటిరోజే నన్ను అటూ ఇటూ జరిపి, గాలి వచ్చే చోట చెయ్యిపెట్టి చూసి, ఓహో అనుకున్నాడు. ఒక మనిషి నన్ను అర్థం చేసుకోవడం అదే మొదలు. పొంగిపోయాను.

అతనికి ఒక అప్ప ఉంది. ఆ వైపు అక్కను అప్ప అంటారు. పేరు నూకరత్నం. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. బస్టాండు ముందు పునుగుల బండి నడిపి, ఆ మూకుడు పొగలోనే వయసంతా గడిపి, ఆయాసం తెచ్చుకుంది. ఒకసారి ఆమె ముందు సీట్లో ఉండగా ఎదర లారీ నల్లటి పొగ వదిలింది. ఆమె దగ్గుతో మెలికలు తిరిగిపోయింది. పైడిరాజు చటుక్కున నన్ను కుడికి నెట్టాడు. లారీని దాటాక ఎడమకు లాగి, "ఇప్పుడు పీల్చప్పా, మంచి గాలి" అన్నాడు. ఆమె గుండెల నిండా పీల్చుకుని తమ్ముడి తల నిమిరింది. నేను పుట్టింది ఇందుకేనని ఆ రోజు నమ్మాను.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

ఇళ్ళస్థలాల బ్రోకరు చిట్టిబాబు గారు పైడిరాజును కుదుర్చుకున్నాడు. కొనేవాళ్ళను తీసుకెళ్ళి స్థలాలు చూపించాలి. హైవే దిగి లోపలికి వెళ్ళే దారిలో పెద్ద కోళ్ళఫారం ఉంది. దాని కంపు తగిలితే కడుపులో తిప్పుతుంది. ఫారానికి సముద్రం వైపు హైవే, కొండ వైపు స్థలాలు. పొద్దున్నపూట గాలి కొండ నుంచి వీస్తుంది, కంపంతా దారి మీదే ఉంటుంది, స్థలాల దగ్గర హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందా, ఆ కంపంతా స్థలాల మీదికే. అందుకే చిట్టిబాబు గారు జనాన్ని పొద్దున్నే తెచ్చేవాడు, అద్దాలు బిగించి, ఏసీ వేయించి.

ఫారానికి ముందు నూకాలమ్మ గుడి ఒకటి ఉంది, గూడంత గుడి. అక్కడికి రాగానే చిట్టిబాబు గారు చేతులు జోడించి, "అమ్మా తల్లీ" అనేవాడు. బండిలో అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాళ్ళు. పైడిరాజు చెయ్యి ముందుకు చాచి డాష్‌బోర్డును తాకి, ఆ వేళ్ళను కళ్ళకద్దుకునేవాడు. డ్రైవర్లందరూ చేసేదే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఆ తాకడంలోనే నన్ను కుడికి నెట్టేవాడు. అమ్మవారి పేరు చెప్పి నా చేత అబద్ధం ఆడించేవాడు. పొగ నుంచి మనుషుల్ని కాపాడిన వేలే అది. నాకు కడుపు మండిపోయేది, కానీ మీట నోరు ఎవరు వింటారు?

ఒకరోజు చిట్టిబాబు గారు, "మీ అప్ప స్థలం కోసం చూస్తోందటగా, తీసుకురా" అన్నాడు.

"ఆవిడికి ఆయాసం బాబూ. ఆ ఫారం పక్కన ఏటుంటాది?"

"ఫారం ఎత్తేస్తున్నారయ్యా. ఏడాది తిరిగేసరికి అక్కడ కోడి ఈక కూడా ఉండదు. ఆ తరవాత నీకు కొత్త బండి ఇప్పించే పూచీ నాది."

పైడిరాజు ఆ మాట నమ్మాడో, నమ్మినట్టు తనకు తాను చెప్పుకున్నాడో నాకు తెలియదు.

నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. "నాకు మేడలొద్దురా పైడీ. తలుపు తీస్తే మంచి గాలి రావాల. ఈ పొగలో సావకూడదు, అంతే" అంటోంది. గుడి వచ్చింది. వెనకనుంచి చిట్టిబాబు గారు, "అమ్మా తల్లీ" అన్నాడు. తన పేరుగల తల్లి కదా, నూకరత్నం అందరికంటే భక్తిగా కళ్ళు మూసుకుంది.

పైడిరాజు చెయ్యి నా మీదకు వచ్చి ఆగిపోయింది. వదిలెయ్యి నాయనా అనుకున్నాను. ఒక్క గుక్క కంపు లోపలికి రానివ్వు, ఛీ, బండి తిప్పీమని ఆమే అంటుంది. "అమ్మా తల్లీ" అన్నాడు చిట్టిబాబు గారు మళ్ళీ, ఈసారి కొంచెం గట్టిగా. వేలు నన్ను నెట్టేసింది.

స్థలం దగ్గర తలుపు తీయగానే కొండగాలి కొట్టింది. "ఎంత గాల్రా పైడీ" అని ఆమె చిన్నపిల్లలా కొంగు ఎగరేసింది. మూకుడు ముందు కూర్చుని కూడబెట్టినదంతా ఆ నేలలో పోసింది. సాయంత్రాలు పునుగుల బండి చూసుకోవాలి గనుక, ఇల్లు లేస్తున్నన్నాళ్ళూ పొద్దున్నే తమ్ముడి బండిలో వచ్చి చూసి పోయేది. గృహప్రవేశం ముహూర్తం కూడా తెల్లవారుజామునే. పాలు పొంగాయి, వ్రతం అయింది, మొదటి బంతి భోజనాలు బాగానే సాగాయి. రెండో బంతికి గాలి తిరిగింది. జనం విస్తళ్ళ ముందు నుంచి ముక్కులు మూసుకుని లేచిపోయారు. ఆమె వడ్డించే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. నేను వీధిలో బండిలో ఉన్నాను. పైడిరాజు వచ్చి స్టీరింగు ముందు కూర్చుని, అద్దాలన్నీ బిగించుకున్నాడు.

ఏడాది తిరిగింది. ఫారం పోలేదు, రెండో షెడ్డు లేచింది. చిట్టిబాబు గారు ఫోను ఎత్తడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆమెకు ఆయాసం ఎక్కువైందని కబురొస్తే, ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పైడిరాజు వచ్చాడు. ఆమె ముందు సీట్లో కూలబడింది. నేను కుడివైపే ఉన్నాను. కాసేపటికి ఆమెకు ఊపిరి అందింది. "ఈ బండిలో వాసన నేదేటిరా?" అంది. ఫారం దాటి గుడి దగ్గరికి రాగానే, అలవాటైన చెయ్యి ముందుకు వెళ్ళి నన్ను ఎడమకు జరిపి, కళ్ళకు వెళ్ళింది. ఈసారి నూకరత్నం కళ్ళు మూసుకోలేదు.

చెయ్యి చాచి నన్ను కుడికి నెట్టింది. ఎడమకు లాగింది. ఇంకోసారి.

"అమ్మోరికి దణ్ణం ఎడతన్నావనుకున్నాన్రా" అంది.

"ఫారం ఎత్తీత్తారన్నారప్పా..."

ఆమె నన్ను ఎడమవైపుంచి చెయ్యి తీసుకుంది. "మా ఇంటికీ ఇలాటి పుల్ల ఒకటెట్టించు తమ్మా" అంది.

ఆ సాయంత్రం ఆమెను తిరిగి దించడానికి వచ్చినప్పుడు కంపు బండి నిండా పరుచుకుంది. పైడిరాజు నన్ను ముట్టుకోలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇప్పుడు బండి పాతసామాన్ల దొడ్లో ఉంది. తలుపులు ఊడదీశారు, అద్దాలు పోయాయి. ఏ గాలి కావాలో అడిగేవాళ్ళు లేరు. నేను మాత్రం ఆమె ఉంచిన చోటే, ఎడమవైపే ఉన్నాను.