ఒత్తులు ఊడిన పాటలు

ఆ ఉదయం గౌహర్ చేతికి వచ్చిన నాలుగో పెన్‌డ్రైవ్ అది. నిజామాబాద్ బస్టాండు ఎదుటి జిరాక్స్ దుకాణంలో, మెషిన్ వేడి తగలకుండా గోడవైపు జరుపుకున్న కుర్చీలో కూర్చుని ఇరవై రెండేళ్లుగా ఆమె తెలుగు టైపు చేస్తోంది. సన్నటి మనిషి. బురఖా చేతులను మోచేతుల దాకా మడుచుకుంటుంది. టైపు చేస్తుంటే పెదవులు కదులుతాయి.

"గౌహరక్కా, మల్ల గదే లొల్లి," అన్నాడు దుకాణం నడిపే ధనుంజయ్.

అక్కడ చాలామంది తెలుగు టైపుకు వాడేది 'చిలుక' అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని తయారుచేసేవాళ్లు మాట కుదరక రెండు జట్లయ్యారు. ఇప్పుడు చిలుకలూ రెండయ్యాయి. పేరు అదే, బొమ్మ అదే. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లో తెరిస్తే ఒత్తులన్నీ ఊడిపోతున్నాయి. పెళ్లికార్డులవాళ్లు, అర్జీలవాళ్లు, పంతుళ్లు అందరూ అసలుది ఏదని గౌహర్‌నే అడుగుతున్నారు.

"రెండూ అసలువే. ఏదాంట్ల రాసిన్రో దాంట్లనే తెరువున్రి," అని విసుగు లేకుండా చెబుతుంది.

ఈసారి వచ్చినవాడు కమ్మర్‌పల్లి బాలనర్సయ్య. ఆరేళ్ల కిందట ఆయన భార్య లింగవ్వ పాడిన నాట్ల పాటలను టైపు చేసింది గౌహరే. లింగవ్వ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి పుస్తకం వేయిద్దామని మనుమరాలు ఆ పాటలను రెండో చిలుకలో తెరిచి, అలాగే భద్రపరిచింది. పాత ప్రతి ఇంకెక్కడా లేదు.

"సూడు బిడ్డా, నా ముసల్దాని పేరు సుత పోయింది."

మొదటి పేజీలో 'లింగవ' అని ఉంది.

గౌహర్ అన్నం డబ్బా పక్కకు జరిపింది. "కూసో బాపూ. ఒక్కొక్కటి ఎక్కిద్దాం."

నలభై ఒక్క పాటలు. చాలా మాటలు చూడగానే తెలిసిపోయాయి. ఒకచోట చెయ్యి ఆగింది.

"గీడ రెండుపారీలు గడి అనే ఉన్నది. రెండూ గడేనా? ఒకటి గడ్డియా?"

"గట్ల చెప్పస్తలేదు బిడ్డా. పాడాలె." బాలనర్సయ్య అటూ ఇటూ చూసి గొంతు సవరించుకున్నాడు.

"గడ్డి మోపు నెత్తికెత్తి దొర గడి ముందర దించితి..."

జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. ఆయన అక్కడ ఆగాడు.

"గీడ ముసల్ది దమ్ము తీసుకుంటుండె. నవ్వుతుండె."

గౌహర్ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన మళ్లీ పాట అందుకునేదాకా కూర్చుంది.

నాలుగింటికి పాటలు అయిపోయాయి. మొదటి పేజీని ఆమె ఆఖరుకు ఉంచుకుంది. అప్పుడు 'వ' కింద ఒత్తు పెట్టింది. బాలనర్సయ్య తెర మీద ఆ పేరును వేలితో తాకాడు. ఆమె అంతటినీ పీడీఎఫ్ చేసింది.

"ఇగ ఏ చిలుక సుత దీన్ని కొరకదు బాపూ."

ఆయన పళ్లు లేని నోటితో నవ్వాడు. అప్పుడు గౌహర్ డబ్బా మూత తీసి, చల్లారిన అన్నం తిన్నది.

సంవత్సరీకం అయిన మూడోనాడు బాలనర్సయ్య మళ్లీ వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

"అక్క పోయింది బాపూ," అన్నాడు ధనుంజయ్. "శుక్కురారం. నమాజు చేసుకొని జెరసేపు ఒరిగిందట. లేవలె."

 బాలనర్సయ్య సంచిలోంచి తెచ్చినదాన్ని తీసి, ఆమె కుర్చీలో పెట్టి, ఆర్మూరు బస్సుకు వెళ్లిపోయాడు.

అది లింగవ్వ చీర పేలికలో కట్టిన, వాళ్ల చేలో పండిన పసుపుకొమ్ముల మూట. ముడి తగిలినచోట కుర్చీకి కాస్త పసుపు అంటింది.