ఆగ్నేయం మూల చెక్క

నేను ఒక వంటింటిని. పొయ్యీ పొగా లేని, అరచేతిలో ఇమిడే వేపచెక్క ముక్కను. గీతలు గీయడం రానివాళ్లు కూడా తమ ఇల్లు తామే అమర్చుకోవాలని విశాఖపట్నంలో ఒక కాలేజీవాళ్లు గాజుబల్ల తయారుచేశారు. దాని మీద నన్నెక్కడ పెడితే, ఎదుటి తెర మీద అక్కడ వంటిల్లు లేస్తుంది. మంచాలు, తలుపులు, గోడలు, అన్నీ చెక్కలే. కదపడానికి కూలి అడగం కదా, మొగుడూ పెళ్లాలు నన్ను ఊరేగించినంత పని చేసేవారు.

సముద్రం కోసేసిన ఒక పేటవాళ్లకు కొత్త ఇళ్లు కడుతున్నారని మమ్మల్ని అక్కడి తుఫాను షెల్టరుకు మోసుకెళ్లారు. పొద్దున్నే నూకరత్నం ఒక్కతే వచ్చి, బల్ల చూసుకునే ఝాన్సీ చెవిలో తన గోడు చెప్పుకుంది. ఎనిమిదేళ్ల కూతురికి మూర్ఛ. మొన్న గోడకు ఇవతల తను వంట చేస్తుంటే అవతల పిల్ల పడి కొట్టుకుందట, గంజి వార్చి వెళ్లేదాకా తెలియలేదట. "మా ఇంటోల్లకి తప్ప ఎవులికీ తెల్దు, సెప్పకమ్మా. రేపు దాన్నెవులు సేసుకుంటారు?" అంది. నాకప్పటి నుంచే గుబులు.

మధ్యాహ్నం వాళ్ల వంతు వచ్చింది. మొగుడు గుజరాత్ బోట్ల మీద ఉన్నాడు కాబట్టి బావగారు అప్పలకొండ పెద్దరికం చేస్తున్నాడు. నూకరత్నం పిల్ల మంచాన్ని ముందుగదిలో, నన్ను దాని పక్కనే పెట్టింది. ఆయన నన్ను తీసి, గోడ చాటున ఆగ్నేయం మూల పెట్టాడు. "పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలమ్మా."

ఆమె మళ్లీ తెచ్చింది, ఆయన మళ్లీ జరిపాడు. బావగారి ముందు నోరెత్తే అలవాటు ఆ ఇళ్లలో లేదు. జనం నవ్వుతున్నారు. కాయితం అచ్చయిందంటే దాని ప్రకారమే కట్టేస్తారు. ఆమె చెమటకు నేను తడిసిపోయాను. చెప్పెయ్యి తల్లీ అని నేనెంత మొత్తుకుంటే ఏం లాభం, చెక్కకు నోరేదీ?

మూడోసారి ఆమె వేళ్లు నన్ను వదల్లేదు. అప్పలకొండ ఆ వేళ్లకేసి చూశాడు, తెర మీది చిన్న మంచంకేసి చూశాడు. నన్ను ఆగ్నేయంలోనే పెట్టి, మంచానికీ నాకూ మధ్యనున్న గోడను తీసి జేబులో వేసుకున్నాడు.

కాయితం అచ్చయింది. మేస్త్రీ దాలయ్య దాన్ని చూసి, "గోడ మర్సిపోనారు," అని చెవి మీది పెన్సిలు తీసి గీయబోయాడు. అప్పలకొండ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మర్సిపోనేదు. మా పిల్లకి మూర్ఛొస్తాది. పొయ్యికాడ్నుంచి అది అగుపడాల."

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రహస్యం బయటపడిందనో, బరువు దిగిందనో, నాకు తెలియలేదు. ఇక ఈ పేటంతా ఆ పిల్లను ఎలా చూస్తుందోనని నా ప్రాణం కొట్టుకుపోయింది.

వెనక వరసలోంచి ఒక ఆడమనిషి లేచింది. పొద్దున తన ఇల్లు ఖాయం చేసుకున్నావిడే. మడతపెట్టిన కాయితం బల్ల మీద పరిచి, ఎవరి ముఖమూ చూడకుండా అంది.

"మాదీ ఓపాలి మార్సమ్మా. ఆ గోడ మాకూ వొద్దు."