హర్షిణి వెంట పంపినవి

బెల్టు కింద రాలిన బొగ్గును ముత్యం పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీదికే విసిరాడు. ఇరవై ఏళ్లకు పైగా అతని పని ఇదే. గని నుంచి వచ్చిన బొగ్గును వ్యాగన్ల దాకా మోసుకుపోయే ఆ పొడవాటి రబ్బరు బెల్టు పక్కన నడవడం, రాలింది ఎత్తడం, బొగ్గులో రాయి కనిపిస్తే ఏరి అవతల పారేయడం. పొట్టి మనిషి. పార పట్టీ పట్టీ ఎడమ భుజం కొంచెం కిందికి వాలింది. ఎంత కడిగినా కనుబొమ్మల్లోని మసి పోదు. మామూలు రోజుల్లో రోలర్ల చప్పుడు వింటూ సగం నిద్రలో ఉన్నట్టు నడిచేవాడు. ఇవాళ ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాడు.

"ఏందే ముత్యమన్నా, ఒక్కకాడ నిలవడవైతివి?" అన్నాడు అదే బెల్టు మీద పనిచేసే సదానందం.

"బిడ్డ పోతున్నది గదా, ఇయ్యాల బండికి."

"ఆయన బిడ్డను ఆయన తోలుకపోతున్నడు. నీకేం ఫికర్?"

ముత్యం మళ్లీ పార అందుకున్నాడు.

హర్షిణి అతని భార్య సారలమ్మ చెల్లెలి కూతురు. చెల్లెలు దీప జ్వరంతో పోయినప్పుడు పిల్లకు ఇంకా మాటలు రాలేదు. పిల్ల తండ్రి లింగమూర్తి ఆర్నెల్లలో వస్తానని చెప్పి సూరత్ మిల్లుల్లో పనికి వెళ్లాడు. రాలేదు. అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు. పిల్లల్లేని ముత్యం, సారలమ్మలకు హర్షిణి అలా మిగిలింది. నిరుడు లింగమూర్తి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు, అన్నం తింటూ తింటూ హర్షిణి తనంతట తానే అంది: "పెద్దబాపూ, నేను బాపు దగ్గరికి పోత." ఆ మాటకు సారలమ్మ చేతిలోని గంటె అన్నం గిన్నెలోనే ఆగిపోయింది.

పిల్లకు ఏదైనా ఇవ్వాలి. బట్టలు పొట్టివైపోతాయి. అందుకని ఆమె ఫొటోలు, వీడియోలు అన్నీ ఒక్కదాంట్లో వేయించి ఇద్దామనుకున్నాడు ముత్యం. పొద్దున డ్యూటీకి వెళ్తూ ఇంట్లోని సీడీలు, ఫోన్లోని మెమరీ కార్డు సంచిలో వేసుకుంటుంటే సారలమ్మ చూసింది.

"గవన్నీ కట్టకట్టి ఆయన చేతుల పెడతవా? ఇన్నేండ్లు రానోడు ఇప్పుడు టీవీల చూసుకుంట కూసుంటడా?"

"ఆయనకు కాదు, పిల్లకు."

"బొమ్మలు చూస్తెనే పిల్లకు మనం యాదికొస్తమా?"

ముత్యం సంచి మూతి ముడేసుకున్నాడు. రాత్రి వచ్చిన లింగమూర్తి ముందుగదిలో ఇంకా నిద్రపోతున్నాడు.

షిఫ్టు దిగాక స్నానం సరిగా చేయకుండానే గోదావరిఖని బజారుకు పోయాడు. ఎండకు రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటోంది. ముజమ్మిల్ దుకాణంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు, కంప్యూటర్ సామాను అమ్ముతారు. ముజమ్మిల్ రెండు వస్తువులు తీసి అద్దం మీద పెట్టాడు. ఒకటి చేతిలో నిండుగా ఇమిడే నల్లటి హార్డ్ డిస్కు. రెండోది చిటికెన వేలంత పెన్‌డ్రైవ్.

ముత్యం పెన్‌డ్రైవ్‌ను ముట్టుకోనే లేదు. హార్డ్ డిస్కును తీసుకుని బరువు చూశాడు. ఇస్తే ఇచ్చినట్టుగా ఉంటుంది.

"ఇదే ఇయ్యి."

"మంచిదే గని కాకా, ఇది కింద పడ్డదంటే పాడైతది. మళ్ల కంప్యూటర్ ఉండాలె. సూరత్‌ల వాళ్లింట్ల ఉన్నదా?"

ముత్యం ఇంటికి ఫోన్ చేశాడు. హర్షిణి ఎత్తి, లింగమూర్తిని అడిగి చెప్పింది.

"కంప్యూటర్ లేదట పెద్దబాపూ. టీవీ కింద డీవీడీ డబ్బా ఉన్నదట. ఎందుకు?"

"ఏం లేదు తియ్యి."

"అయితే పెన్‌డ్రైవే," అన్నాడు ముజమ్మిల్. "ఆ డబ్బాకు ముంగట సందు ఉంటది. దాంట్ల గుచ్చితె చాలు."

ముత్యం దాన్ని అరచేతిలో వేసుకున్నాడు. వేళ్ల సందులోంచి జారిపోయేలా ఉంది. పిల్ల అతని వేలు పట్టుకుని నడిచిన ఏళ్లన్నీ దీంట్లో పడతాయంటే నమ్మబుద్ధి కాలేదు. ఒకసారి బయటికి పోయాడు, మళ్లీ లోపలికి వచ్చాడు. "సరే, ఎక్కియ్యి," అన్నాడు.

సీడీలు ఒకటొకటిగా కంప్యూటర్లోకి పోతున్నాయి. పాడైనవేమోనని ముజమ్మిల్ ప్రతిదీ కొంచెం ఆడించి చూస్తున్నాడు. హర్షిణి ఐదో పుట్టినరోజు వచ్చింది. పసుప్పచ్చ గౌను, క్వార్టర్ల వాళ్లంతా చుట్టూ. వీడియో తీసే అతని గొంతు వినిపించింది: "మీ బాపు ఏడి బిడ్డా?"

హర్షిణి కెమెరాలోకి చూసి గట్టిగా అంది: "సచ్చిండు!"

అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది సారలమ్మ. ఆ మాట నేర్పింది కూడా ఆమే. వెనకాల గోడ దగ్గర మిఠాయిలు పంచుతున్న ముత్యం తల వంచుకున్నాడే గాని, పిల్లను అట్లా అనొద్దని అనలేదు.

దుకాణంలో ముత్యం తెర వైపు వంగాడు. ఈ బొమ్మ సూరత్‌లో ఆడుతుంది. లింగమూర్తి చూస్తాడు, అతని భార్య చూస్తుంది. కొత్త ఇంట్లో పిల్ల తల ఎట్లా ఎత్తుకుంటుంది?

"గా ముచ్చట ఒక్కటి తీసెయ్యొస్తదా?"

"కోసుడంటే టైం పడతది కాకా. జల్ది కావాలంటె మొత్తం పుట్టినరోజే తీసెయ్యాలె. తియ్యాల్నా?"

తెర మీద పిల్ల కేకు ముక్క తెచ్చి సారలమ్మ నోట్లో పెట్టింది. సారలమ్మ నవ్వు ఆపి, చెల్లెలి బిడ్డ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తియ్యి," అన్నాడు ముత్యం. ముజమ్మిల్ చెయ్యి కదలబోయింది. "ఆగు. ఉండనీ."

రామగుండం స్టేషన్‌కు సారలమ్మ రాలేదు. పూరీల డబ్బా మాత్రం కట్టి ఇచ్చింది. బండి ఆలస్యమన్నారు. ముత్యం ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. లింగమూర్తి నీళ్ల సీసా నింపడానికి పోగానే హర్షిణి దగ్గరికి వచ్చి, పెన్‌డ్రైవ్ ఉన్న చిన్న డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"దీంట్ల అన్ని ఉన్నయి బిడ్డా. ఐదో పుట్టినరోజుది మాత్రం మీ బాపుకు చూపెట్టకు."

హర్షిణి అతని వంక చూసింది. "సచ్చిండు అన్నది గదా?"

"నీకు యాదికున్నదా?"

"నేను ఆ సీడీ మస్తు సార్లు చూసిన పెద్దబాపూ. నిరుడు ఫోన్ల బాపుకు చెప్పేసిన కూడా."

"ఏమన్నడు?"

"పిల్లకు గట్లనే అనిపిస్తది, నేను రాకపోతిని గదా అన్నడు. గందుకే పోతున్న. పోయి చూడాలె. పెద్దమ్మకు మాత్రం చెప్పకు, ఏడుస్తది."

నిండిన సీసాతో లింగమూర్తి వచ్చి పక్కన నిలబడ్డాడు. అన్నా అని పిలిచి, సీసా మూత బిగిస్తూ ఉండిపోయాడు.

"ఎండలకు అక్కడ గూడ గిట్లనే ఉంటదా?" అని అడిగాడు ముత్యం.

"ఉక్కపోత ఎక్కువన్నా."

"పిల్లకు ఉక్కపోస్తె నిద్రపట్టదు."

"చూసుకుంటనన్నా."

బండి వచ్చింది. హర్షిణి ఎక్కి కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. ముత్యం ఆ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిచాడు. తర్వాత బండి వేగం అందుకుంది.

ఇంటికి వచ్చేసరికి సారలమ్మ దీపం వేసుకోకుండా గడపలో కూర్చుని ఉంది. "ఎక్కిందా?" అంది. "ఎక్కింది," అన్నాడు. అతను ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చోలేక లోపలికి పోయాడు. పొద్దున హర్షిణి నీళ్లు నింపిన కూలర్‌ను ఎవరూ కట్టేయలేదు. అది గడ్డి తడివాసన నింపుకుని, పక్క చుట్టేసిన ఆమె మంచం వైపే చల్లగాలి కొడుతూ ఉంది.