అడిగేదాకా ఆగాలి

“మావోడు ఈ పిల్లని ఏదో ఓ రోజు కొట్టీత్తాడు మేడమ్! పెళ్లి కావలసిన పిల్ల. మొహమ్మీద దెబ్బ తగిలితే ఎవరిది పూచీ?”

కరుణశ్రీ ఇంకా కుర్చీలో కూర్చోనైనా లేదు, దేవుడమ్మ ఆ మాట అననే అనేసింది. మానసిక ఎదుగుదల తక్కువైన పెద్దవాళ్లు పగటిపూట వచ్చి ఆకుదొప్పలు కుట్టుకునే కేంద్రం అది. ఇనుపరాతి గనుల ఊరు బచేలీలో దాన్ని నడిపేది ప్రసన్నకుమారి మేడమ్. కరుణశ్రీ రాయపూర్‌లో చదువుకుంటూ ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. మనిషి తనను తాను ఎందుకు కొట్టుకుంటున్నాడో గమనించి, కొట్టుకునే బదులు నోరు తెరిచి అడగడం నేర్పించే చదువట. ఆమెకు అప్పగించింది దేవుడమ్మ కొడుకు ఏలియాని.

ఇరవై ఆరేళ్లొచ్చినా ఏలియాకి ఉన్నవి నాలుగైదు మాటలే. కొండమీద గనిలో రాయి పేల్చే బ్లాస్టింగంటే ప్రాణభయం. ముందుగా సైరన్ మోగిందో లేదో, తల గోడకేసి కొట్టుకుంటాడు. అందుకే దేవుడమ్మ ఆ వేళకి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, వెనకనుంచి వాడి చెవులు మూసేది.

“ఏలియా గారూ, చప్పుడొచ్చేటప్పుడు ‘చెవులు’ అని అడగండి. వెంటనే ఇవి ఇస్తాను,” అంటూ కరుణశ్రీ పెద్ద హెడ్‌ఫోన్లు చూపించింది.

“గారా!” దేవుడమ్మకి నవ్వాగలేదు. “పేంటు బొత్తాలు కూడా నానే పెడతానమ్మా ఆ గారికి.”

“రేపట్నుంచి అవీ ఆయన్నే పెట్టుకోనివ్వండి ఆంటీ. సైరన్ మోగితే మాత్రం మీరు లోపలికి రాకండి. ఆయన అడిగేదాకా మనం ఆగాలి.”

ఆగడం! దేవుడమ్మకి చేతకానిది అదొక్కటే. వరండాలో కూర్చుని, కొడుకు తల పగిలినట్టూ, ఆసుపత్రికి తీసుకెళ్లే జీపు ఘాట్‌రోడ్డులో చెడిపోయినట్టూ, రైల్వే డ్యూటీలో ఉన్న వాడి తండ్రికి కబురే అందనట్టూ ఊహించుకునేది. వాడు గోడవైపు పోకుండా కరుణశ్రీ వైపు చెయ్యి చాపుతున్నాడని ఒకరోజు మేడమ్ సంతోషంగా చెప్పింది. దేవుడమ్మ గుండెల్లో ఏదో కలుక్కుమంది. రేపు వీడికి నా అవసరమే లేకపోతే? అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ మర్నాడే జరిగింది. సైరన్ మోగింది. కిటికీలోంచి చూస్తే ఏలియా చెయ్యి చాపి ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి. ఆ పిల్ల హెడ్‌ఫోన్లు చేతిలో పట్టుకుని, వాడి మొహంలోకి వంగి, మాట కోసం చూస్తోంది. దేవుడమ్మ ఉండబట్టలేక లోపలికి దూరి, వెనకనుంచి వాడి చెవులు మూసేసింది. ఏలియా అదిరిపడి మోచెయ్యి విసిరాడు. అది కరుణశ్రీ మూతికి తగిలి పెదవి చిట్లింది.

మేడమ్ వచ్చేసరికి నేలమీద రక్తం.

“సెప్పాను కదా మేడమ్, కొట్టీత్తాడని!” ఆ మాట దేవుడమ్మ నోట్లోంచే వచ్చింది.

కరుణశ్రీ ఆమెను చూసి తల దించుకుంది. జరిగింది తెలియని మేడమ్ ఆ పిల్లనే కోప్పడింది. “దగ్గరికి వంగొద్దని ఎన్నిసార్లు చెప్పాను? రేపు మీ కాలేజీకి చెప్పి పంపించేస్తాను.”

ఇంటికెళ్లాక దేవుడమ్మకి ముద్ద దిగలేదు. పొద్దున్నే కొడుకుని వెంటబెట్టుకుని మేడమ్ గదిలోకి నడిచింది. వాచిన పెదవితో కరుణశ్రీ అక్కడే ఉంది.

“నానే మేడమ్. ఆడు అడగబోతన్నాడు. నానే ఆగనేక ఎల్లి సెవులు మూసీసేను. పిల్ల తప్పేటీ లేదు.”

“మరి నిన్న చెప్పలేదేం?”

“ఆడు నేర్సీసుకుంటే ఇంక నానెందుకని…”

మేడమ్ కరుణశ్రీ వైపు తిరిగింది. “నువ్వైనా చెప్పొచ్చు కదా!”

“చెబితే ఆంటీని వరండాలోకి కూడా రానివ్వరని, మేడమ్.”

ఆ మాటకి దేవుడమ్మ తలెత్తలేకపోయింది. చెంపదెబ్బ కొట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

మేడమ్ ఏలియా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏలియా గారూ, కరుణశ్రీ ఇక్కడే ఉండాలా, వెళ్లిపోవాలా?”

‘ఉండాలి’ అని దేవుడమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. వాడి తరఫున జవాబు చెప్పడం ఆమెకు అంత అలవాటు. పళ్లతో పెదవి నొక్కిపెట్టి నిలబడింది. ఇనుపరాయి మోసే గూడ్సు బండి అవతల పోతూనే ఉంది. వాడు చెప్పడేమో, ఎప్పటికీ చెప్పలేడేమో, అందుకు కారణం తనేనేమో. బండి చప్పుడు కూడా ఆగిపోయింది.

ఏలియా కరుణశ్రీ పెదవి వంక చాలాసేపు చూశాడు.

“ఉండాలి,” అన్నాడు. తర్వాత తల్లి భుజం పట్టుకుని మెల్లగా తలుపువైపు తిప్పి, “అమ్మ బయట,” అన్నాడు.